గోలీ పెట్టెకు ప్రతిష్ఠ ప్రార్థన

మా ఇంట్లో మంచాలు రెండు, పిన్‌బాల్ పెట్టెలు నాలుగు. ఇంటికొచ్చిన చుట్టాలు ఇది చూసి మొదట నా మొహం వైపు, తర్వాత నా భార్య మొహం వైపు చూస్తారు. నా మీద జాలి, ఆమె మీద గౌరవం అక్కడికక్కడే పెరిగిపోతాయి. పిన్‌బాల్ అంటే ఏమిటో తెలియనివాళ్ళకు చెప్పే పని కూడా ఆమెదే.

"మంచమంత పెట్టె. పైన అద్దం. లోపల ఒక ఇనుప గోలీ. ఈయప్ప స్ప్రింగు లాగి దాన్ని పైకి కొడతాడు. అది కిందికొస్తాది. మళ్ళా కొడతాడు. అంతే."

ఇంతకంటే న్యాయంగా నేనూ చెప్పలేను. కిందికి జారే గోలీని గుంతలో పడనీయకుండా తిప్పికొట్టడానికి రెండు రెక్కలుంటాయని మాత్రం చేరుస్తాను. ఎవరూ వినరు.

పాత నాణేలు దాచుకునేవాళ్ళున్నారు, తపాలా బిళ్ళలు దాచుకునేవాళ్ళున్నారు. అవి బీరువాలో పడతాయి కాబట్టి దాన్ని అభిరుచి అంటారు. బీరువాలో పట్టనిదాన్ని పిచ్చి అంటారు. తేడా అంతా బీరువాది.

నేను అనంతపురంలో, బుక్కరాయసముద్రం పోయే రోడ్డు పక్కన, బోరు మోటార్లకు వైండింగ్ కట్టి బతికేవాణ్ణి. నీళ్ళు లేని బోరులో మోటారు ఒట్టిగా తిరిగి కాలిపోతుంది. నేను కొత్త రాగి తీగ చుట్టి ఇస్తాను. రైతు దాన్ని తీసుకుపోయి మళ్ళీ అదే బోరులో దించుతాడు. విశ్వాసం అంటే ఏమిటో నేను సగం మందిరంలో నేర్చుకున్నాను, సగం షాపులో. మా వైపు వాన కోసం ప్రార్థన చేయని మతం లేదు. వాన మాత్రం ఇంతవరకు ఏ మతంలోనూ చేరలేదు.

మందిరం అంటే మా కాలనీలో రేకుల కప్పు కింద కూడుకునే చిన్న క్రైస్తవ సంఘం. మాటలు రాకముందే నాకు పాటలు వచ్చాయని మా నాయన చెప్పేవాడు. బైబిలు వాక్యం కంఠతా పట్టడంలో చిన్నప్పుడు నాకు వచ్చిన ప్రైజులన్నీ స్టీలు గ్లాసులే. నా పెళ్ళినాటికి మా ఇంట్లో గ్లాసులు కొనే అవసరం రాలేదు. ఇరవై ఏళ్ళుగా ఆదివారం బడి పిల్లలకు పాఠం చెబుతున్నది నేనే. నా పేరు ముందు ఏ బిరుదూ లేదు. ఉన్న గౌరవమంతా ఆ ఒక్క గంటది.

మొదటి మూడు పెట్టెలూ మామూలువే. ఒకటి చిలమత్తూరు దగ్గర పాత సామాన్ల కొట్టులో దొరికింది, రెండు బెంగళూరులో మూతబడిన ఆటల షాపు నుంచి వచ్చాయి. నాలుగోదాని సంగతి వేరు. ముదిగుబ్బలో ఒక గొర్రెల కాపరికి మోటారు ఇవ్వడానికి పోతే, ఆయన దొడ్లో కోళ్ళ గూడు నాలుగు కాళ్ళ మీద వాలుగా నిలబడి ఉంది. వంగి చూశాను. పక్కల కొయ్య పట్టీలు. లోపల రెక్కలు అన్నిటిలాగా లోపలి వైపు కాకుండా బయటి వైపు తిరిగి ఉన్నాయి. ఈ ఆటకు రెక్కలు పెట్టడం అప్పుడప్పుడే మొదలైన కాలంలో, ఎటు తిప్పాలో తయారుచేసేవాళ్ళకే తెలియనప్పుడు, అలాంటివి కొన్ని చేశారని చదివాను. మన దేశంలో ఇంకొకటి ఉందో లేదో నాకు తెలియదు. కోళ్ళకూ తెలియదు.

ఏదో ఎగ్జిబిషన్ వాళ్ళు చాలా ఏళ్ళ కిందట వదిలేసి పోయారట. మళ్ళీ రాలేదట. మోటారు వైండింగుకు బదులు ఆ పెట్టె ఇమ్మని అడిగాను. ఆయన నన్ను కాసేపు చూసి, "కోళ్ళు కూడా కావల్నా అన్నా?" అన్నాడు. వద్దన్నాను. అప్పుడు ఆయనకు నా మీద నిజంగా అనుమానం వచ్చింది.

కోడిరెట్ట గీకడానికే ఒక నెల పట్టింది. లోపల కాలిపోయిన చుట్టలన్నీ విప్పి, వెంట్రుకంత సన్నని తీగతో మళ్ళీ చుట్టాను. విడి భాగాలు ఎక్కడా దొరకవు. దొరకనివన్నీ చేత్తో చేశాను. అటక మీది పిండిమర బెల్టు ముక్క కూడా ఒక రెక్కకు రబ్బరైంది. ఆట బల్ల మీద రంగుల బొమ్మ కోళ్ళ దయవల్ల ముప్పాతిక మిగిలింది. వెనక నిలబడే అద్దం మీద సముద్రం, సముద్రంలో స్నానం చేస్తున్న విదేశీ ఆడవాళ్ళు. వాళ్ళ నడుముల మీదుగా నా భార్య పాత వాక్యం క్యాలెండరు ఒకటి అంటించింది. డిసెంబరు నెల వాళ్ళకు సరిగ్గా సరిపోయింది.

చిక్కు నా నోటి నుంచే మొదలైంది. ఈ పెట్టెను విసుగెత్తి కుదిపితే, లోపల వేలాడే చిన్న గుండు తగిలి ఆట మొత్తం ఆగిపోతుంది. ఓర్పు గురించి పాఠం చెబుతూ ఒక ఆదివారం పిల్లలకు ఈ సంగతి చెప్పాను. నా బోధ అంత బాగా కుదరడం అదే మొదటిసారి. పిల్లలు ఇళ్ళకు పోయి ఓర్పు సంగతి వదిలేసి పెట్టె సంగతి చెప్పారు.

సంఘపెద్దల్లో ఒకాయన రిటైరైన బస్సు కండక్టరు. మనుషులను చూడగానే టిక్కెట్టు ఉందా లేదా అని చూసే చూపు ఆయనకు ఇంకా పోలేదు. ఆదివారం బడి పంతులు ఇంట్లో జూదం పెట్టెలున్నాయని ఆయన అయ్యగారికి చెప్పాడు. అయ్యగారంటే మా పాస్టరు. శనివారం సాయంత్రం ఇద్దరూ మా ఇంటికి వచ్చి చూస్తారనీ, అది జూదమే అయితే పిల్లల తరగతి నా దగ్గర ఉండదనీ కబురొచ్చింది.

ఆ వారమంతా నేను మోటార్లు ముట్టలేదు. వాక్యంలో నుంచి పదకొండు రుజువులు రాసుకున్నాను. కష్టపడి చేసే పనికీ జూదానికీ తేడా ఏమిటో మూడు పేజీలు. నా భార్య అవి చదివి, "ఇంత తెలివి మోటార్ల మీద పెట్టింటే ఈపాటికి మేడ కట్టింటివి" అంది. చివరి జాగ్రత్తగా, లోపల దుడ్లు గిడ్లు దాచలేదని కళ్ళారా చూపించడానికి, శనివారం మధ్యాహ్నం నాలుగో పెట్టె మీది అద్దం జరిపి తీసి పక్కన పెట్టాను. నా జీవితంలో అంత ముందుచూపు నేనెప్పుడూ చూపలేదు. దాని ఫలితం మీరే చూస్తారు.

ఇద్దరూ వచ్చారు. టీ తాగారు. నేను కాగితాలు చేతిలో పట్టుకుని మొదటి రుజువు దగ్గర నిలబడ్డాను. కండక్టరు పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి, వెనక అద్దం దగ్గర ఆగి చాలాసేపు చూశాడు. డిసెంబరు నెల జారిందేమోనని నేనూ వంగి చూశాను.

"ఇన్ని నీళ్ళు యాడివప్పా?" అన్నాడు.

సముద్రమని చెప్పాను. ఆయన నిట్టూర్చాడు. గోలీ ఒకటి కొట్టి చూపించాను. గెలిస్తే ఏమొస్తుందని అడిగాడు. ఏమీ రాదన్నాను. ఓడిపోతే? ఏమీ పోదన్నాను. మరి ఏంటికి ఆడేదని అడిగాడు. నేను పదకొండు రుజువులూ మొదటి నుంచి చివరిదాకా తిరగేశాను. దుడ్లు వచ్చేదీ పోయేదీ లేదు కాబట్టి జూదం కాదు, ఒట్టి తిక్క అని ఆయనే తీర్పు చెప్పాడు.

తరగతి నిలిచిందని కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాను. కానీ అయ్యగారి మొహం మాత్రం విచ్చుకోలేదు.

"అది సరే. ఇన్నేండ్లు నాలుగు మిషన్లు ఇంట్లో పెట్టుకున్యావు. ఒక్కదానికన్నా నన్ను పిల్చినావా?"

విషయం అది. మా సంఘంలో కొత్తగా ఏది కొన్నా, ఆటోగానీ ట్రాక్టరుగానీ కుట్టుమిషనుగానీ, అయ్యగారిని పిలిచి ప్రతిష్ఠ ప్రార్థన చేయించి భోజనం పెట్టాలి. నేను సిగ్గుపడి పిలవలేదు. ఆయనకు జూదం అనుమానం మొదటి నుంచీ లేదు. కోడికూర తప్పిపోయిందన్న బాధ ఉంది, అది కూడా నాలుగుసార్లు. వెంటనే తప్పయిందని ఒప్పుకున్నాను. నా భార్య వంటింట్లోకి పోయింది.

అయ్యగారు జేబులో నుంచి నూనె సీసా తీశాడు. ప్రతిష్ఠించే వస్తువు మీద పోసేది, పేరుకు ఒలీవ నూనె. అది మందుల షాపులో చిన్న డబ్బాలో వస్తుంది. సంఘం పెద్దది, డబ్బా చిన్నది, కాబట్టి చెనిక్కాయ నూనె కలుపుతారు. ఆయనకొక పద్ధతి ఉంది. కరువు జిల్లాలో ఆయన ఎక్కువగా ప్రార్థించింది బోర్లకు. బోరుకు నూనె పైపు నోట్లో పోస్తారు. ఏళ్ళ తరబడి అలా పోసి పోసి, ఏ వస్తువును చూసినా ముందు నోరెక్కడుందో వెతకడం ఆయనకు అలవాటైంది. ట్రాక్టరుకు డీజిల్ ట్యాంకు దగ్గర ఒకసారి డ్రైవరే చెయ్యి పట్టుకుని ఆపాడట.

నా పెట్టెకు పైన అద్దం లేదు, మధ్యాహ్నమే తీసేశాను కదా. ఆట బల్ల నడిమధ్య గోలీ పడే గుంత ఒకటి నోరు తెరుచుకుని ఉంది. అయ్యగారు సీసాను దాని పైకి చాపి, కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. ఆ గుంత కిందే నేను ఏడాదిపాటు చుట్టిన చుట్టలు, గుడ్డ తొడుగు తీగలు, ఒకదానికొకటి తగిలితేనే పనిచేసే సన్నని వెండి బిళ్ళలు ఉన్నాయి. నూనె పడితే బిళ్ళలు మాడిపోతాయి, తొడుగులు ఊరిపోతాయి, బల్ల మీద మిగిలిన రంగు లేస్తుంది. మళ్ళీ చేయడానికి ఇంకో పెట్టె లేదు.

ఆపమనవచ్చు. ప్రార్థన మధ్యలో అయ్యగారిని ఆపి, నూనె వద్దు, నా పెట్టె పాడవుతుంది అనవచ్చు. అలా అన్నవాడి దగ్గరికి తమ పిల్లలను ఎవరు పంపుతారు? అందరి కళ్ళూ మూసి ఉన్నాయి, నావి తప్ప. సీసా వంగింది. నేను నోరు తెరవలేదు. నా కుడి అరచెయ్యి మాత్రం పోయి గుంత మీద బోర్లా పడింది.

నూనె చేతి మీద పడింది. అయ్యగారు కళ్ళు తెరిచాడు. నూనె కింద పరిచి ఉన్న నా చెయ్యి చూశాడు. ఇంకో చెయ్యి నా తల మీద పెట్టాడు.

"ప్రభువా, ఈ బిడ్డ తన వస్తువును కాదు, తన్నే నీకు ఇచ్చుకుంటాండాడు" అన్నాడు.

ఆ తర్వాత ప్రార్థన పావుగంట సాగింది. నా చేతుల పని, నా సేవ, నేను సువార్త పట్టుకుని చేరబోయే పరాయి ఊళ్ళు అన్నీ అందులోకి వచ్చాయి. కండక్టరు కళ్ళు తుడుచుకున్నాడు. చివర్లో ఆగి అందరూ నా వైపు చూశారు. ఆమేన్ అన్నాను. మణికట్టు మీదుగా కారుతున్న నూనెను రెండో చేత్తో పట్టుకుంటూ అన్నాను. ఒక్క చుక్క కూడా గుంతలో పడలేదు.

రేపు ఆరాధనలో సాక్ష్యం చెప్పాలని, సంఘమంతా వినాలని అయ్యగారు నా భుజం తట్టి, తృప్తిగా భోంచేసి పోయాడు.

వాళ్ళు పోయాక నా భార్య అన్నం పెడుతూ, చెయ్యి ఎందుకు పెట్టినావని అడిగింది. చెప్పాను. ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "మరి ఆమేన్ ఏంటికి అన్యావు?" అంది. నేను కంచం జరిపి లేచాను.

ఆదివారం నన్ను ముందుకు పిలిచారు. పిల్లలు ముందు చాపల మీదే కూర్చున్నారు. ఇరవై ఏళ్ళుగా వాళ్ళకూ, వాళ్ళకు ముందు వాళ్ళ అమ్మానాన్నల్లో కొందరికీ నేను చెప్పింది, అబద్ధం చిన్నదైనా అబద్ధమేనని. తప్పించుకోవడానికి ఇంకో పాఠం నేను వాళ్ళకు నేర్పి ఉంటే బాగుండేది. నేర్పలేదు. చెయ్యి పెట్టింది దేవుని కోసం కాదని, పెట్టెలోని తీగల కోసమని చెప్పేశాను. రెండు నిమిషాలు పట్టింది. పదకొండు రుజువుల కంటే చాలా తేలిక.

అయ్యగారి మొహం ఎర్రబడింది, తర్వాత పాలిపోయింది. చివరికి మూడు నెలలు పిల్లల తరగతి వేరేవాళ్ళు చూస్తారని చెప్పాడు. అప్పుడు లేచింది, ఎవరూ ఊహించని మనిషి.

"అయ్యగారూ, నిజం చెప్పినోణ్ణి ఆపితే రేపు ఎవురు చెప్తారు?" అన్నాడు కండక్టరు.

"చెప్పినందుకు కాదప్పా ఆపేది. ఆమేన్ అన్నందుకు."

తీర్పులో లొసుగు కోసం నేను నిలబడ్డచోటే వెతికాను. ఎక్కడా దొరకలేదు. చాప మీదికి పోయి కూర్చున్నాను.

తరగతిని ఆ కండక్టరుకే అప్పగించారు. మరుసటి ఆదివారం తడిక అవతల నుంచి ఆయన పాఠం నాకు వినపడుతూనే ఉంది. ప్రవక్తల పేర్లు బస్సు స్టాపుల మాదిరిగా గడగడా పిలుస్తున్నాడు. ఇద్దరిని దాటేశాడు. పిల్లలు ఒకరినొకరు గిల్లుకుంటున్నారు, ఎవరో ఏడుస్తున్నారు, ఎవరో బయటికి పరుగెత్తారు. నేను కదలలేదు. గంటయ్యాక ఆయన చెమట తుడుచుకుంటూ వచ్చి నా పక్కన కూలబడ్డాడు.

"అన్నా, నిండిన బస్సు నయం. ఈళ్ళని ఎట్ల కూర్చోబెడ్తాంటివి ఇన్నేండ్లు?"

చెప్పాను. ముందు పాట, తర్వాత కథ, కథ మధ్యలో ప్రశ్న, అల్లరివాణ్ణి ముందు వరుసలో పెట్టుకోవడం, అన్నీ వివరంగా చెప్పాను. ఆయన ఒక్కొక్కటీ వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. చివరిదాకా కదలకుండా కూర్చున్నవాళ్ళకు చొక్కా జేబులో నుంచి తలా ఒక చెనిక్కాయ చిక్కీ ముక్క ఇస్తానన్న సంగతి మాత్రం చెప్పలేదు. దానికి కూడా పశ్చాత్తాపపడాలని నాకు తెలుసు. పడతాను. మూడు నెలలు కానీ.