ఎండ పట్టిన పళ్ళెం

నా చిన్నప్పుడు మా ఇంట్లో పగటిపూట పడుకునే హక్కు ఒక్క దేవుడికే ఉండేది. వరంగల్ బజారులో మాది స్టీలు సామాన్ల దుకాణం. ముందు కొట్టు, వెనక ఇల్లు. మా తాత పొద్దున్నే తలుపులు తీసింది మొదలు చీకటి పడి మూసేదాకా ఇంట్లో ఎవరికీ కాలు నిలిచేది కాదు. మా నాయనమ్మ నడుం వాల్చగా నేనెప్పుడూ చూడలేదు. వంటింటి గోడకు మాత్రం, శేషుడి మీద హాయిగా పడుకున్న విష్ణుమూర్తి క్యాలెండరు ఒకటి వేలాడేది. తేదీల కాగితాలు ఎప్పుడో చిరిగిపోయి బొమ్మ ఒక్కటే మిగిలింది. పొయ్యి పొగకు ఆయన మరికాస్త నల్లబడ్డాడు. నాయనమ్మ రొట్టెలు చేస్తూ ఆయన్ను దెప్పుతూ ఉండేది. "పండుకో నాయినా, మంచిగ పండుకో. నీకేం ఫికరున్నది" అనేది. ఆ దెప్పుడులో ఎంత చనువు ఉండేదంటే, ఆయన మా ఇంటి అల్లుళ్ళలో ఒకడేమో అని నేను చాలాకాలం అనుకున్నాను.

నాకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళు ఉన్నప్పుడు నాయనమ్మ కళ్ళకు పొరలు కమ్మాయి. ఒక కన్ను అప్పటికే పోయింది. రెండో కంటితో మనిషి పోలిక పట్టేది గాని బియ్యంలో రాయి కనిపించేది కాదు. దవాఖానలో ఆపరేషను చెయ్యాలన్నారు. ఆ రోజుల్లో కంటి ఆపరేషనంటే ఇప్పటిలా పొద్దున పోయి మధ్యాహ్నానికి ఇంటికి వచ్చే పని కాదు. చూపు వచ్చినవాళ్ళూ ఉన్నారు, ఉన్న కాస్తా పోగొట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. నాయనమ్మ ఒకే పట్టు పట్టింది. "తిరుపతిల నిలవడ్డ దేవున్ని చూసిన. పండుకున్న దేవున్ని ఒక్కపారి చూస్త. గప్పుడు నా కండ్లు మీ ఇష్టం" అంది.

పండుకున్న దేవుణ్ణి ఎక్కడ వెతకాలో మాకు తెలియదు. దుకాణానికి వచ్చిన ఒకాయన చెప్పాడు, బెజవాడ దగ్గర కృష్ణ అవతలి ఒడ్డున ఉండవల్లి అనే ఊరుందని, అక్కడ కొండను తొలిచిన గుహల్లో మూడు మంచాల పొడవున పద్మనాభస్వామి పడుకుని ఉన్నాడని. మా తాత మరి ఆలోచించలేదు. రెండు రోజులు కొట్టు మూద్దామన్నాడు. ఆయన నోట ఆ మాట విని ఎదురు దుకాణం వాళ్ళు మా ఇంట్లో ఎవరికి ఏమైందోనని పరామర్శకు వచ్చారు.

మా ఇంట్లో ఒక ఆచారం ఉంది. ఏ క్షేత్రానికి పోయినా పేరు కొట్టిన గిన్నో బిందో గుడికి ఇచ్చి రావాలి. ఈసారి తాత పెద్ద పళ్ళెం తీశాడు. రెండు చేతులా పడితే గాని ఆగని పళ్ళెం. చిన్న ఉలి, చిన్న సుత్తి పెట్టుకుని దాని అంచు మీద నాయనమ్మ పేరు చుక్క చుక్కగా తానే కొట్టాడు. ముఖం చూసుకుని బొట్టు పెట్టుకునేంత నున్నగా తుడిచాడు. నాయనమ్మ ఆ చుక్కలను వేలితో తడిమి, "నోటితోని ఎన్నడు పిలువకపోతివి, పళ్ళెం మీదనన్న కొట్టినవ్" అంది. తాత వినపడనట్టు సుత్తిని సంచిలో పెట్టుకున్నాడు.

తాత, నాయనమ్మ, మా చిన్న మేనత్త, నేను ప్యాసింజరు బండి ఎక్కాం. అప్పటికే బడిలో నా మాటలు కోటలు దాటాయి. పండుకున్న దేవుణ్ణి నేనే మొదట చూడబోతున్నానని, వచ్చి అందరికీ చెబుతానని ప్రకటించేశాను. బండి నెక్కొండ చేరకముందే అత్త పులిహోర డబ్బా విప్పింది. బెజవాడలో సత్రంలో పడుకుని, పొద్దున్నే బస్సెక్కి, నది దాటి ఉండవల్లిలో దిగాం.

ఆ కొండను చూడగానే నా నోరు మూతపడింది. అది కట్టిన గుడి కాదు. కొండలోంచే అంతస్తుల ఇంటిని తొలిచి తీశారు. స్తంభాలు, మెట్లు, గోడల మీద బొమ్మలు, పైన కూర్చున్న రాతి మునులు, సింహాలు, అంతా ఒకే రాయి. తాత ఒక స్తంభాన్ని అరచేత్తో నిమిరి, వేళ్ళతో తట్టి, "ఒక్క అతుకు లేదు సూడు" అన్నాడు. ఆయన ఏ వస్తువునైనా ముందు అలాగే తట్టి చూస్తాడు. ఆయన మెచ్చుకోవడం మాకు తెలిసినంతలో అదే మొదటిసారి.

దేవుడు ఉన్న అంతస్తుకు చేరాక మా పొరపాటు మాకు తెలిసింది. తాత సంచిలోంచి కొబ్బరికాయ, హారతి కర్పూరం, ఆ పళ్ళెం తీసి పూజారి కోసం చూస్తున్నాడు. పూజారి లేడు, హుండీ లేదు, గంట కూడా లేదు. చూడ్డానికి వచ్చినవాళ్ళే తప్ప మొక్కడానికి వచ్చినవాళ్ళు లేరు. కాపలా ఉన్న ఆయన నెమ్మదైన మనిషి. "ఇక్కడ పూజలు లేవండీ. కొబ్బరికాయ కొట్టకూడదు, కర్పూరం వెలిగించకూడదు, ఏమీ ఇవ్వకూడదు. చూసి వెళ్ళడమేనండీ" అన్నాడు. దేవుడున్న చోట ఇచ్చిపుచ్చుకోవడం లేకపోవడం మా తాత బుర్రకు ఎక్కలేదు. పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

నాయనమ్మ మాత్రం అదేమీ పట్టించుకోలేదు. ఆమె చూడడానికే వచ్చింది. అత్త చెయ్యి పట్టుకుని లోపలి గదిలోకి వెళ్ళింది. ఆ గది హాలు చివర పక్కకు తిరిగి ఉంది. బయట ఎండ ఎంత కాస్తున్నా స్తంభాల వరకే వస్తుంది, మలుపు తిరగదు. లోపల చీకటి. మంచి కళ్ళున్న అత్తకే ఏదో నల్లగా పొడుగ్గా ఉన్నట్టు తెలిసింది. నాయనమ్మకు ఏమీ కనిపించలేదు. చాలాసేపు చేతులు జోడించి నిలబడి, చివరికి, "ఉన్నడని తెలిసె గదా. సాలు. పోదాం పా" అంది. ఇంట్లో గోడలు అదిరేలా మాట్లాడే మనిషి గొంతు ఇంతేనా అనిపించింది. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను గడపలో నిలబడి బయట తాతవైపు తిరిగాను.

అప్పుడే బయట తాత చేతిలో పళ్ళెం కదిలి, హాలు కప్పు మీద ఎండ బిళ్ళ ఒకటి గంతులేసింది. తాత దాన్ని చూసి ఆగాడు. మా కొట్టులో సాయంత్రం ఎండ పళ్ళేల మీద పడి ఎదురు దుకాణం ఆయన కళ్ళలో కొట్టేది. ఆయన రోజూ తిట్టేవాడు, తాత రోజూ పళ్ళేలు సర్దేవాడు. ఇన్నేళ్ళు పడ్డ ఆ తిట్లు ఆ రోజు అక్కరకొచ్చాయి. అన్నం తినే పళ్ళెం ఒకటి సంచిలోంచి తీశాడు. బయట ఒకరు పెద్ద పళ్ళెంతో ఎండను పట్టి హాలులోకి పంపాలి, మలుపు దగ్గర తాను దాన్ని చిన్న పళ్ళెంలో పట్టి దేవుడి మీదికి తిప్పాలి. కాపలాదారు కాసేపు తల గోక్కుని, "ఏమీ ఇవ్వకూడదన్నారు గానీ, ఎండ ఇవ్వకూడదని ఎవరూ చెప్పలేదండీ" అని నవ్వి, కింద మెట్లెక్కుతున్న మేకలను తోలడానికి పోయాడు.

బయట ఎవరు నిలబడాలి అన్నదే మిగిలింది. నాయనమ్మను అత్త పట్టుకోవాలి. నేను అప్పటికే గదిలో ముందు వరుసలో నిలబడ్డాను, కదిలే ఉద్దేశం లేదు. కొనేవాళ్ళు వెనకాడుతుంటే గిన్నెను తిరిగి అలమారలో పెట్టెయ్యడం మా తాతకు అలవాటు. నావైపు చూడనైనా చూడకుండా, "ఇది పిల్లలతోని అయ్యె పని కాదు. చెయ్యి కదల్చొద్దు, పక్కకు చూడొద్దు. కింద ఎవలన్న పెద్దమనిషిని పిలుస్త" అని మెట్లవైపు నడిచాడు. నేను ఒక్క ఉరుకు ఉరికి ఆ పళ్ళెం లాక్కున్నాను. "నేను పడ్త! నాతోని అయితది!" అని అరిచాను కూడా. గాలానికి చిక్కిన చేప కూడా అంత సంబరంగా చిక్కదు.

రాతి సింహం పక్కన ఎండలో నిలబడి పళ్ళెం ఎత్తాక గాని నాకు అర్థం కాలేదు. దేవుడు లోపల. నేను బయట. నాకు కనిపించేది నా చేతుల్లో మెరిసే పళ్ళెం, హాలు చివర మలుపు దగ్గర తాత, అంతే. దించేద్దామా అనుకున్నాను. అంతలో లోపలినుంచి నాయనమ్మ గొంతు వినిపించింది.

"పాదం! పాదం కనవడ్డది!"

ఇక దించడం నావల్ల కాలేదు. పళ్ళెం కాలుతుంటే గౌను అంచు మధ్యన పెట్టి పట్టుకున్నాను. నాయనమ్మకు ఎక్కడ వెలుతురు కావాలో లోపలినుంచి కేకేసేది, తాత మలుపు దగ్గర వంగి తిప్పేవాడు, నేను వేళ్ళ చివర అంతంత కదిలించేదాన్ని. "మోకాలు వచ్చింది. జర పైకి. ఆ, బొజ్జ. ఎవలెవలో నిలవడ్డరు చుట్టూర. ఇంకింత పైకి బిడ్డా, ఇంకింత. గిదే చెయ్యి, తల కింద పెట్టుకున్నడు. కదల్చకు, కదల్చకు." చూడ్డానికి వచ్చిన వేరేవాళ్ళు కూడా గదిలో చేరారు. వాళ్ళూ ఆ, ఓ అంటున్నారు. అప్పుడు నాయనమ్మ, క్యాలెండరుతో మాట్లాడే గొంతుతోనే, "నవ్వుతాండే! నిద్రల నవ్వుతాండు సూడుండ్రి! ఎంత నిమ్మళంగ పండుకున్నవయ్యా!" అంది. నాకు ఒళ్ళంతా పులకరించింది. పళ్ళెం మాత్రం కదలనివ్వలేదు.

తాత వచ్చి, "ఇగ నువ్వు పో, నేను పడ్త" అనేసరికి మబ్బు కమ్మింది. ఎండ మళ్ళీ వస్తుందేమోనని కాసేపు చూశాం. వాన మొదలైంది. నేను ఆ గదిలోకి పోయి చీకట్లోకి చూసి, రాగం తీసి ఏడ్చాను. కొండ గుహలో ఏడుపు ఎంత గొప్పగా మోగుతుందో అప్పుడే తెలిసింది. తాత తన చెవులు తానే పట్టుకుని, "నిన్ను మోసం జేసిన బిడ్డా, తిట్టు" అన్నాడు. నాయనమ్మ గుహ అరుగు మీద కూర్చుని నన్ను ఒళ్ళోకి లాక్కుని, పాదం దగ్గర మొదలుపెట్టి తాను చూసిందంతా వరసగా చెప్పింది. నేను వెక్కుతూ వెక్కుతూనే, వేలికి గోరు ఉందా, పాముకు తలలు ఎన్ని అని అడ్డం పడ్డాను. తెలిసినవి చెప్పింది, తెలియనివి కల్పించి ఉంటుంది. వాన ఆగేసరికి నా ఏడుపూ ఆగింది.

తిరిగి వస్తూ తాత పళ్ళెం సంగతి ఎత్తాడు. ఇవ్వాల్సింది ఇవ్వకుండా వెనక్కి తేవచ్చా అని ఆయన బెంగ. నాయనమ్మ, "దేవుడు వాడుకున్నడు గదా, ఇచ్చినట్టే. ఇగ ఇంట్ల బియ్యం ఏరుత" అని తేల్చేసింది. ఆ తర్వాత ఆపరేషను అయింది. నల్లద్దాలు పెట్టుకుని ఇంటికి వచ్చి, మూలమూలనా దుమ్ము ఉందని అందరినీ దులిపేసింది. ఆ కన్ను ఆమెకు చాలా ఏళ్ళు పని చేసింది.

చివరి రోజుల్లో ఆ చూపు కూడా పోయింది. జ్ఞాపకాలు కూడా ఒక్కొక్కటే జారిపోతుండేవి. నేను పుట్టింటికి వచ్చినప్పుడు మంచం పక్కన కూర్చుంటే, నా చెయ్యి తడిమి, "జర సూపియ్యవే" అనేది. ఏం చూపించాలో ఇంట్లో ఇంకెవరికీ తెలిసేది కాదు. నేను పాదం దగ్గర మొదలుపెట్టేదాన్ని. పాదం, మోకాలు, బొజ్జ, తల కింద చెయ్యి. తొందరపడితే ఊరుకునేది కాదు. ముఖం దగ్గరికి వచ్చేసరికి ఆమె ముఖం విప్పారేది. "నవ్వుతాండా?" అని అడిగేది. నవ్వుతున్నాడు నాయనమ్మా, నిద్రలో నవ్వుతున్నాడు అనేదాన్ని.

ఇప్పుడు అక్కడ దీపాలు పెట్టారని, కారులో పోతే మధ్యాహ్నానికి చూసి రావచ్చని మా మనవరాలు అంటుంది. తప్పకుండా పోదామంటాను. తొందర మాత్రం లేదు. చూడని దానికి కుమిలిపోయే అలవాటు నాకు ఆ కొండ దగ్గరే పోయింది. ఇంట్లో ఎవరైనా ఏదైనా చూసి మురిసిపోతుంటే, బయట నిలబడి పళ్ళెం పట్టే పని నాకేమైనా దొరుకుతుందా అని వెతుక్కుంటాను. పండుకున్న ఆ దేవుణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు. కానీ మా నాయనమ్మకు మొదట చూపించింది నేనే, చివర చూపించిందీ నేనే.