చూడ్డానికి ఎవరూ రాని ఇల్లు

ఆర్నల్డ్ హెప్‌వర్త్ నలభై ఆరేళ్ళు కీత్లీ ఊళ్ళో తాపీమేస్త్రీగా బతికాడు. గోడలకు ప్లాస్టరింగ్ చేయడంలో అతనిది బాగా తిరిగిన చెయ్యి. సొంత ఇంటి మీద మాత్రం ఎన్ని ఆదివారాలు ధారపోశాడో లెక్కలేదు. మెట్ల పక్క గోడ తడిమితే గాజు మీద వేలు జారినట్టుండేది.

అతనికి ఎనభై దాటేసరికి భార్య మేవిస్‌కు మెట్లెక్కడం చేతకాకుండా పోయింది. ముందుగదిలో సోఫా మీదే పడుకునేది. ఆ సమయంలోనే, పక్క ఊరు బింగ్లీలో పెద్దవాళ్ళ కోసం ఫ్లాట్లు కట్టిన కంపెనీ తరఫున జోసెలిన్ అనే అమ్మాయి వచ్చింది. పాత ఇల్లు వాళ్ళకిచ్చి, ధరలో తేడా మాత్రం కడితే కొత్త ఫ్లాటు ఇస్తారట.

"అమ్మకానికని బోర్డు పెట్టక్కర్లేదు, బేరాలకి ఎవరూ రారు. ఒకే రోజు ఇదిచ్చి అది తీసుకోవడమేనండీ."

"మరి ఇందులో ఎవరుంటారమ్మా?" అన్నాడు ఆర్నల్డ్.

"అది తర్వాత మేం చూసుకుంటాం లెండి."

"వాళ్ళకి చెప్పాల్సినవి ఉన్నాయి."

"గోడల గురించి ఉపన్యాసమా? ఆ పిల్లని వదిలెయ్యి," అని మేవిస్ సంతకం పెట్టేసింది.

వానొస్తే వెనక తలుపు ఉబ్బుతుంది, అడుగున తన్నాలి. వంటింటి గోడలో పైపుంది, మేకు కొట్టకూడదు. ఇలాంటివన్నీ ఆర్నల్డ్ నాలుగు కాగితాల మీద రాసి వంటగట్టు మీద పెట్టి, తలుపేసి వచ్చాడు.

కొత్తచోట మేవిస్ తేరుకుంది. లిఫ్టులో కిందికి దిగి పక్క ఫ్లాట్ల ఆడవాళ్ళతో డామినోలు ఆడేది. ఆర్నల్డ్ మాత్రం గురువారం గురువారం లైబ్రరీకని చెప్పి కీత్లీ బస్సెక్కేవాడు. పాత ఇల్లు ఖాళీగానే ఉండేది. కిటికీలోంచి చూస్తే కాగితాలు ఎక్కడివక్కడే ఉండేవి. గుమ్మం ముందు ఆకులు ఊడ్చి వచ్చేవాడు.

మూడు నెలలకి కంపెనీ నుంచి ఫోనొచ్చింది. మేవిస్ ఎత్తి విని, ఆర్నల్డ్ వైపు తిరిగింది.

"మన ఇంటి ముందు ఎవరో ముసలాయన తచ్చాడుతున్నాడట. ఎవరంటావ్?"

ఆర్నల్డ్ చేతిలోని బస్సు టికెట్టు జేబులో దాచాడు.

"యాభై ఏళ్ళు ఆ కొంపలో బొగ్గులు మోసింది నేను, మెట్లు తోమింది నేను. నీకు గోడలు కనిపించాయి, నేనెప్పుడు కనిపించానయ్యా?"

అతను తల వంచుకున్నాడు. అయినా మరో గురువారం వెళ్ళాడు. ఇంటి ముందు వీధిలో చెత్త వేసే పెద్ద ఇనపతొట్టి నిండా ప్లాస్టరు పెళ్ళలు. సుత్తి పట్టుకున్న పనివాడొకడు తలుపు దగ్గర టీ తాగుతున్నాడు.

"పాత ప్లాస్టరంతా కొట్టేసి గోడలకి రెడీమేడ్ పలకలు బిగిస్తున్నాం తాతా. తొందరగా అమ్ముడుపోతుందని."

"గోడ ఎలా ఉంది?"

"ఎవడు చేశాడో గానీ, ఒక పట్టాన ఊడి చావలేదు. రెండ్రోజులు పట్టింది."

ఆర్నల్డ్ ఆ మాటకి తలూపి బస్టాపు వైపు నడిచాడు. వంటగట్టు కాగితాల సంగతి అడగలేదు.

తర్వాత అతను ఫ్లాటు దాటి బయటికి రావడం తగ్గించాడు. మేవిస్ డామినోలకి రమ్మని రెండుసార్లు పిలిచింది, మూడోసారి పిలవలేదు. ఫిబ్రవరిలో ఊపిరితిత్తులకి నెమ్ము చేరి చనిపోయాడు. మేవిస్ ఇప్పటికీ అక్కడే ఉంటోంది. ఇల్లు మారడం మంచిదేనా అని కొత్తగా వచ్చినవాళ్ళు అడిగితే, "నాకు మంచిదే," అని ఊరుకుంటుంది.