గ్లిగొర్ ఏరి ఇచ్చిన కుక్కపిల్ల

మా షార్ కొండ కింద నౌమ్ అంత తక్కువ మాట్లాడే గొర్రెల కాపరి మరొకడు లేడు. పన్నెండో ఏట మంద వెనక నడవడం మొదలుపెట్టాడు, యాభై ఆరేళ్ళొచ్చినా నడుస్తూనే ఉన్నాడు. అతని చీజ్ డబ్బాలను టెటోవో సంతకు చేర్చేది నా వ్యానే కాబట్టి ఈ సంగతంతా నా కళ్ళ ముందే జరిగింది.

నౌమ్‌కి కూమ్ గ్లిగొర్. కూమ్ అంటే పెళ్ళిలో పక్కన సాక్షిగా నిలబడేవాడు, పుట్టిన బిడ్డకు పేరు పెట్టేవాడు. అన్నదమ్ములు పొలం గట్టు దగ్గర తలలు పగలగొట్టుకున్నా మా ఊళ్ళో ఎవరూ ఆశ్చర్యపోరు. కూమ్‌తో మాట తేడా వస్తే మాత్రం ఇంటికి అరిష్టమంటారు. నౌమ్ పెళ్ళికి నిలబడ్డది గ్లిగొర్, అతని కూతురికి స్టోయ్నా అని పేరు పెట్టిందీ గ్లిగొరే. ఒక చలికాలం గ్లిగొర్ మంచులో జారి తుంటి విరగ్గొట్టుకుంటే, సరిగ్గా గొర్రెలు ఈనే రోజుల్లో, నౌమ్ అతని మందను కూడా తన దొడ్డిలోకి తోలుకుని రెండు నెలలు సాకాడు. ఒక్క పిల్లను పోనివ్వకుండా తిరిగి అప్పగించాడు.

ఆ మరుసటి ఏడు తోడేళ్ళు నౌమ్ మగకుక్కను చంపేశాయి. తాత కాలం నుంచి వస్తున్న కుక్కల వంశంలో మగది దానితో ఆఖరైంది. ఇంక ఆడకుక్క ఒకటే మిగిలింది. సంగతి తెలిసి గ్లిగొర్ తన కోటు లోపల ఒక కుక్కపిల్లను పెట్టుకుని వచ్చాడు. బూడిదరంగు బొచ్చు, పిడికిలంత తల.

"ఆరు పిల్లల్లో అన్నిటికంటే మేలైనది నీకే ఏరి తెచ్చాను కూమ్," అన్నాడు. "దీనితో నీ దొడ్డి మళ్ళీ నిండుతుంది."

నౌమ్ దానికి ముర్జో అని పేరు పెట్టాడు. నాలుగు నెలలకే అది నా వ్యాను చక్రాల మీద పెత్తనం మొదలుపెట్టింది. అయిదో నెలలో, బొచ్చులో ముళ్ళు ఏరుతుంటే, నౌమ్ చేతికి ఒకే వృషణం తగిలింది. రెండోది లేదు. గ్లిగొర్‌ని అడిగాడు.

"కంగారెందుకు? మా వాటిలో కొన్నిటికి ఆలస్యంగా దిగుతుంది. ఆగు," అన్నాడు గ్లిగొర్.

నౌమ్ ఆగాడు. ఎండాకాలమంతా కొండ మీద ఆగాడు. ఈ సంగతి కాపరులందరికీ పాకింది. "ఏమయ్యా నౌమ్, మీ వాడు ఒంటిగింజ చిక్కుడుకాయట గదా!" అని ఒకడు, "లెక్కపెట్టడం రాకేమో, మళ్ళీ తడుము!" అని ఇంకొకడు. నౌమ్ నవ్వేవాడు. కూమ్ చెప్పాడుగా దిగుతుందని. మధ్యలో రెండుసార్లు అడిగితే రెండుసార్లూ గ్లిగొర్ అదే మాటన్నాడు.

ఏడాది దాటాక నౌమ్ భార్య పెట్కానా ఊరుకోలేదు. "చూపించు. కుక్కకు లేని సిగ్గు నీకెందుకు?" అంది. ముర్జోను నా వ్యానెక్కించుకుని టెటోవోలో పశువుల డాక్టరు రాట్కా దగ్గరికి వెళ్ళాం.

ఆవిడ తడిమి చూసింది, స్కానింగ్ చేసింది. "పొట్టలోనే ఉండిపోయింది. ఇక దిగదు. లోపలి వేడికి పెద్దయ్యాక గడ్డ కట్టొచ్చు, మెలిపడొచ్చు. రెండూ తీసేద్దాం."

"లోపలిది తియ్యండి డాక్టరమ్మా. బయటిది ఉంచండి. నాకు దీని సంతానం కావాలి."

"ఉంచితే దీని పిల్లలకూ ఇదే లోపం రావచ్చు నౌమ్ అన్నా. తల్లి వైపు నుంచో తండ్రి వైపు నుంచో దిగుతోంది. గ్లిగొర్ కుక్కల జతకు ఇలా పుట్టినవాటిలో ఇది మూడోది. ఆ జత మళ్ళీ కట్టించొద్దని గ్లిగొర్‌కి రెండేళ్ళ కిందటే చెప్పాను." ఆవిడ చేతులు కడుక్కుంటూ మామూలుగానే అంది. "టీకాలకు ఆరింటినీ తెచ్చినప్పుడు దీన్ని విడిగా చూపించాను కూడా. సంతానం కోసం అడిగేవాళ్ళకు ఇవ్వకు, కాపలాకైతే ఇవ్వు అన్నాను. మీకు చెప్పలేదా?"

నౌమ్ టోపీ తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. నేను గోడ మీది క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను.

నౌమ్, "తీసెయ్యండి. రెండూ," అన్నాడు.

ముందుకాలికి మత్తు సూది వేస్తున్నప్పుడు ముర్జో తలను పట్టుకున్నది నౌమే. వేరెవరు ముట్టుకున్నా కరిచేది. అతని ముఖంలోకే చూస్తూ ఒరిగిపోయింది. డాక్టరమ్మ కింద ఒక కోత, పొట్ట మీద ఒక కోత పెట్టింది. లోపల దాక్కున్నది బాదంగింజ కంటే పెద్దగా లేదు. దాన్ని గిన్నెలో చూపిస్తే నౌమ్ చూడలేదు.

మెడకు ప్లాస్టిక్ గరాటుతో ఇంటికొచ్చిన ముర్జో నాలుగు రోజులు నౌమ్ చేతి నుంచి తిండి తీసుకోలేదు. పెట్కానా పెడితే తినేది. నౌమ్ దగ్గరకొస్తే తల గోడవైపు తిప్పేది. "నేను పట్టుకోకుండా ఉండాల్సింది," అన్నాడు నాతో. ఆ నాలుగు రోజుల్లో అతను మాట్లాడిన మాట అదొక్కటే.

అయిదో రోజు నన్ను గ్లిగొర్ దొడ్డికి తీసుకెళ్ళమన్నాడు. గ్లిగొర్ ఒక పొట్టేలును వెల్లకిలా పడేసి గిట్టలు చెక్కుతున్నాడు.

"డాక్టరమ్మ నీకు ముందే చెప్పిందట," అన్నాడు నౌమ్.

"ఏదో అంది. డాక్టర్లు అంటూనే ఉంటారు."

"ఆగు, దిగుతుంది అన్నావు. మూడుసార్లు."

"దిగొచ్చు అనుకున్నా కూమ్! అయినా కాపలా కుక్కకు అవి రెండుంటేనేం, అసలు లేకపోతేనేం? తోడేలొచ్చి తడిమి చూస్తుందా?" గ్లిగొర్ నా వైపు చూసి నవ్వాడు. నేను నవ్వలేదు.

అప్పుడే కంచె వెనక నుంచి ఒక కుక్క లేచి వచ్చింది. అదే బూడిదరంగు బొచ్చు, అదే తల, మెడలో ఇనప ముళ్ళ పట్టీ. ముర్జో కంటే ఒక జాన ఎత్తు. ఏ లోపమూ లేదని దూరం నుంచే తెలుస్తోంది.

"ముర్జో తోడబుట్టిందేనా?" అన్నాడు నౌమ్.

"ఊఁ."

"మేలైనది నాకు ఏరి తెచ్చానన్నావు."

గ్లిగొర్ కత్తిని మళ్ళీ గిట్ట మీద పెట్టాడు. "నాకూ మగకుక్క కావాలి కదా," అన్నాడు.

"చెప్పి ఇస్తే కుంటిదాన్నయినా ఎత్తుకునేవాణ్ణి," అన్నాడు నౌమ్. "వాళ్ళంతా నవ్వుతుంటే నేనూ నవ్వాను గ్లిగొర్. నువ్వు చెప్పావని."

కూమ్ అనకుండా పేరు పెట్టి పిలవడం నేను వినడం అదే మొదటిసారి. గ్లిగొర్ కూడా తలెత్తాడు.

డిసెంబరులో నౌమ్ ఇంటి దేవుడి పండగకు గ్లిగొర్ ఎప్పటిలాగే వచ్చాడు. గడప తొక్కిన కూమ్‌ను వెనక్కి పంపరు. నౌమ్ అతన్ని పెద్ద కుర్చీలో కూర్చోబెట్టాడు, రాకియా సారా పోశాడు, రొట్టె ఇద్దరూ కలిసే విరిచారు. అంతా సర్దుకుందని గ్లిగొర్ అనుకున్నాడు. నేనూ అనుకున్నాను.

వసంతంలో స్టోయ్నా పెళ్ళి కుదిరింది. కూతురి పెళ్ళికీ ఆ కూమ్ ఇంటివాళ్ళే నిలబడాలి. మార్చాలంటే పాత కూమ్ దగ్గరికి వెళ్ళి, నిలబడి, అనుమతి అడగాలి. మా ఊళ్ళో నలభై ఏళ్ళుగా ఎవరూ అడగలేదు. నౌమ్ శుభ్రమైన చొక్కా వేసుకుని, రొట్టె, ఒక సీసా పట్టుకుని వెళ్ళి అడిగాడు.

గ్లిగొర్ ముఖం పాలిపోయింది. "ఒక కుక్క గింజ కోసమా?"

"కుక్కకు నయమైంది. మంద దగ్గర బాగానే ఉంది. దాని కోసం కాదు."

"ఊళ్ళో ఏమంటారో ఆలోచించావా?"

"నేనెవరికీ ఏమీ చెప్పను. నువ్వు చెప్పాలనుకుంటే చెప్పుకో."

గ్లిగొర్ భార్య లోపల్నుంచి ఏడుస్తూ వచ్చి, "ఇచ్చెయ్యి, అడిగింది ఇచ్చెయ్యి," అంది. గ్లిగొర్ రొట్టె తుంచి, "నీ ఇష్టం, నీకు దారి ఇచ్చాను," అని ఆచారం ప్రకారం అనాల్సిన మాట అన్నాడు.

స్టోయ్నా పక్కన కూమ్‌గా కొవ్వొత్తి పట్టుకుని నిలబడ్డది నేను. ఎందుకు నన్నే అని అడిగితే, "నీ దగ్గర కుక్కల్లేవు," అన్నాడు నౌమ్, నవ్వకుండా. విందులో అతని ఎడమపక్క, కూమ్ కూర్చునే కుర్చీ ఖాళీగానే ఉంచారు. అక్కడ కూర్చోమని పెట్కానా నన్ను రెండుసార్లు పిలిచింది. నౌమ్ మాత్రం పిలవలేదు.