నిలబెట్టిన క్లాసు

తప్పు చేసింది పాఠాలు చెప్పడం నేర్చుకోవడానికి పరాయి దేశం నుంచి వచ్చిన యూనివర్సిటీ అమ్మాయి. క్లాసు ఊడింది మాత్రం సుద్ద టీచరుకి. ఎప్పుడు చూసినా వేళ్ళకు సుద్దే కాబట్టి పిల్లలు పెట్టిన పేరది.

ఆ బడిలో టీచరు వస్తే పిల్లలు లేచి నిలబడతారు, కూర్చోమంటేనే కూర్చుంటారు. అమ్మాయి దేశంలో ఎవరూ లేవరు, ఎవర్నీ కూర్చోమనే పనీ లేదు. మొదటిరోజే హెడ్మాస్టరు "అతిథిని ఒంటరిగా చెప్పనివ్వండి" అని సుద్ద టీచర్ని బయటికి పంపేశాడు. పిల్లలు లేచి అలాగే నిలబడి ఉంటే, ఇక్కడ పాఠం నిలబడే వింటారు కాబోలని అమ్మాయి మురిసిపోయింది. ఫోటో తీసి వాళ్ళమ్మకు పంపింది కూడా. పీరియడ్ చివర్లో ముందు వరుసలోని బక్కపిల్ల కళ్ళు తిరిగి బల్లమీద పడింది. కొత్తగా వచ్చిన ముందుపళ్ళు రెండూ ఊడాయి.

పిల్ల తల్లి బడిమీదికొచ్చి, ఎవరు నిలబెట్టారని అరిచింది. అమ్మాయి వెక్కివెక్కి ఏడ్చింది తప్ప నోరు విప్పలేదు. హెడ్మాస్టరు సుద్ద టీచరు వైపు చూపించాడు. ఆ తల్లి అందరిముందూ ఆమె మొహాన ఉమ్మింది.

"వాళ్ళ యూనివర్సిటీకి కోపమొస్తే ఇంకెవర్నీ పంపరు టీచరుగారూ," అన్నాడు హెడ్మాస్టరు తర్వాత, గొంతు తగ్గించి. "పాపం, కొత్తచోటు, సున్నితమైన పిల్ల. మీదంటే మందపాటి తోలు. కాస్త పడండి."

పడింది. అక్షరాలు దిద్దించి పెంచుకున్న క్లాసు పోయి, ఆటసామాన్ల గదిలో బంతులకు గాలికొట్టే పని మిగిలింది. హెడ్మాస్టరు భయానికి నిజం బయటపెట్టలేని పిల్లలు బంతి పట్టుకుని తలెత్తకుండా పారిపోయేవారు. స్టాఫ్ రూంలో మాత్రం అమ్మాయికి ఓదార్పులే ఓదార్పులు.

శిక్షణ ముగిసినరోజు అమ్మాయి ఆ గదికొచ్చింది.

"మిమ్మల్ని మర్చిపోను మేడమ్."

"మర్చిపోయినా పర్లేదు. ఆ పిల్ల తల్లి గేటు దగ్గరుంది. జరిగింది ఒక్క ముక్క చెప్పిపో తల్లీ. ఆవిడ సరేనంటే నా క్లాసు నాకిస్తారు."

"మా యూనివర్సిటీ వాళ్ళకు తెలిస్తే నన్ను ఫెయిల్ చేస్తారు మేడమ్. ఇక్కడ అన్నీ కొత్త, ఎంత భయపడ్డానో మీకు తెలీదు." అమ్మాయి కళ్ళు మళ్ళీ నిండాయి. బయట బస్సు హారన్ కొట్టింది.

సుద్ద టీచరు గాలిపంపు పక్కన పెట్టింది.

"నీకేం తల్లీ, బ్రహ్మాండంగా పైకొస్తావు. పిల్లకు దెబ్బ తగిలితే ముందు మనమే ఏడవాలని ఇంత చిన్న వయసులోనే నేర్చేసుకున్నావు. పో, బస్సు వెళ్ళిపోతుంది."