ఇంటికొకరు

కుంకుమ భరిణె ఏమంత బరువుంటుంది? గుప్పెట్లో పట్టే ఇత్తడి డబ్బా. తడిసిన వలలు మోసినవాణ్ణి, ఐసుపెట్టెలు భుజానికెత్తినవాణ్ణి. అయినా ఇన్నేళ్ళుగా నన్ను వంచేసింది ఆ భరిణె ఒక్కటే. మీరు మా పాళెం వాళ్ళు కాదు, నా ముఖం మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. నన్నెరిగిన వాళ్ళకు చెబితే ముందు నవ్వుతారు. నేను నోరు తెరిస్తే నవ్వడం వాళ్ళకు అలవాటు.

ఏడో తరగతిలో బడి మానేశాను. అయ్యవారే నా దెబ్బకు బడి మార్చుకున్నాడని చెప్పుకుని తిరిగేవాణ్ణి. అలాంటి నోరు నాది.

అక్క పెళ్ళి కుదిరిన ఏడు మా చెరువులో చేప సరిగా పడలేదు. చెరువంటే పులికాట్. నాయన దగ్గర ఉన్నది అంతంతమాత్రం, అప్పు మాత్రం చేయనని పట్టుబట్టాడు. ఉన్నదాంట్లో పెళ్ళి నేను నడిపిస్తానని ముందుకు దూకాను. మీసం సరిగా రాని వయసు. పందిరికి పడవల తెరచాపలు కప్పించాను. మైకుసెట్టు అతన్ని నవ్వించి నవ్వించి సగం అద్దెకు దింపాను. పూలబుట్టలు గూడూరు నుంచి నేనే మోసుకొచ్చాను. వీడు పెళ్ళి చేస్తున్నాడా, పెళ్ళితో బేరమాడుతున్నాడా అని నాయన నలుగురిలో మురిసిపోయాడు. ఆ మురిపెం నా తలకెక్కింది.

ఇక మిగిలింది భోజనాలు. మా వైపు పిలుపు రెండు రకాలు. ఊరివాళ్ళను ఇంటికొకరు రమ్మంటాం. అయినవాళ్ళను ఇంటిల్లిపాదినీ రమ్మంటాం. ఆ రోజు వాళ్ళ ఇంట్లో పొయ్యి వెలగకూడదు. ఎవరికి ఏ పిలుపో చెప్పి అమ్మ నా చేతికి భరిణె ఇచ్చింది. మామ ఇంటికి ఇంటిల్లిపాదీ అని మళ్ళీ మళ్ళీ చెప్పింది. మామ అంటే అమ్మకు ఒక్కగానొక్క అన్న. చిట్టమూరు అవతల పల్లెలో కొడుకులు, కోడళ్ళు, మనవలు అంతా ఒకే వాకిలి. ఆ ఇంటివాళ్ళు కూర్చుంటే ఒక బంతి నిండిపోతుంది.

సైకిలు తొక్కుతూ దారంతా ఆ బంతి గురించే ఆలోచించాను. ఒక్క బంతి తగ్గితే నాయన ముందు ఇంకెంత గొప్ప! మనవాళ్ళే గదా, ఏమనుకుంటారు?

అత్త గడపలోకి వచ్చి బొట్టు పెట్టించుకుంది. మామ అరుగు మీద వల బాగుచేస్తున్నాడు.

"పెళ్ళికి ఇంటికొకరు రండత్తా" అన్నాను.

"ఇంటికొకరా? ఏంరా అబ్బయ్యా, మేం మీ ఊరోళ్ళమా, మేనమామ ఇంటోళ్ళమా?"

"గంప మొయ్యాల్సింది మామే గదా, ఆయనొస్తే చాల్లే. నువ్వూ వస్తే నిన్ను మొయ్యలేక ఆ గంప ఇరిగిపోతాది."

కోడళ్ళు పకపకా నవ్వారు. అత్త కూడా నవ్వి నా వీపున ఒకటి చరిచింది. మామ నవ్వలేదు. చేతిలో దారం అలాగే పట్టుకుని అడిగాడు.

"మీ అమ్మ ఇట్టనే పిలవమనిందా?"

అప్పుడైనా కాదనాల్సింది. ఎగతాళికన్నానులే మామా, అందరూ రండి అంటే అయిపోయేది. ఎందుకు అనలేదు? నవ్విన వాళ్ళ ముందు చిన్నబోవడం ఇష్టం లేకనా? అంతే అనుకుంటాను. అంతకన్నా పెద్ద కారణం వెతికాను గానీ దొరకలేదు.

"ఆమె చెప్పకుండా నేను సొంతంగా పిలస్తానా మామా?"

"సరేరా" అన్నాడు మామ. "పొయ్యిరా."

పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి పీటల దగ్గరికి తెచ్చేది మేనమామ. ముహూర్తానికి గంప సిద్ధంగా ఉంది, అక్క సిద్ధంగా ఉంది, మామ లేడు. ఆ ఇంటి నుంచి పసిబిడ్డ కూడా రాలేదు. అమ్మ దారి వంకే చూస్తూ గంపలో పరిచిన పసుపు గుడ్డను సర్దింది. సర్దిన గుడ్డనే మళ్ళీ సర్దింది. పురోహితుడు తొందరపెడుతుంటే నన్ను పక్కకు లాగి, సరిగ్గానే పిలిచావా అని అడిగింది. కాళ్ళకు మొక్కి మరీ పిలిచానన్నాను. ఎంత సులువుగా వచ్చింది ఆ మాట! చివరికి నాయన వైపు వాళ్ళెవరో గంప ఎత్తారు.

బంతులన్నీ లేచాక వంటమేస్త్రి వచ్చి, ఒక బంతికి సరిపడా అన్నం అలాగే ఉంది, ఏం చేయమంటారని అడిగాడు. ఎక్కువెందుకు వండావని ఎగిరాను. పుట్టింటివాళ్ళ కోసమని అమ్మ ముందే బియ్యం విడిగా తెచ్చి అతనికి అప్పజెప్పిందట. నేను మిగిల్చింది అదీ.

ఆ తరువాత అమ్మ పుట్టింటి గడప తొక్కలేదు. వాళ్ళూ రాలేదు. ఎందుకు పిలిచి అవమానించావని వాళ్ళు అడగలేదు, ఎందుకు రాలేదని అమ్మ అడగలేదు. ఇద్దరికీ పౌరుషం. ఆ పౌరుషం చాటున నేను హాయిగా జోకులు వేసుకుంటూ బతికాను.

మామ పోయాడని కబురు వచ్చిన రోజు అమ్మ కదల్లేదు. నా బిడ్డ గంప మొయ్యనివాడి పాడె నేనెందుకు చూడాలి అంది. కాసేపటికి పెరట్లో తడిక వెనక నీళ్ళ చప్పుడు. చావు స్నానం ఒంటరిగా చేస్తోంది. చెంబు మీద చెంబు. తడికకు ఇవతల నిలబడి అంతా విన్నాను. చెబితే అప్పుడు కూడా బయలుదేరేదేమో, చివరి చూపు దక్కేదేమో. నిలబడ్డాను, అంతే. మనిషి అంతసేపు అలా నిలబడగలడా? నేను నిలబడ్డాను.

ఇప్పుడు అక్క కూతురికి పెళ్ళి. మొన్న అందరూ కూర్చుని ఖర్చులు మాట్లాడుకుంటుంటే అక్క నా వైపు తిరిగి, "ఈసారి గంప మోసేది నువ్వేరా. మన మామ మాదిరి చెయ్యబాక" అంది. అందరూ నా ముఖం చూశారు, నేనేదో ఒకటి అంటాను, నవ్వుదామని. మేనమామను నేనేనన్న సంగతి అంతవరకూ తట్టనే లేదు!

అమ్మ లోపలికి వెళ్ళి అదే భరిణె తెచ్చింది. ఆయన పోయాక ఆయన మీద కోపమెందుకంది. అత్తను, పిల్లలను ఇంటిల్లిపాదినీ పిలవమంది. నువ్వైతే నవ్వించి పిలుస్తావు అని కూడా అంది.

భరిణె ఎదురుగానే ఉంది. ఆ గడపలో ఏమంటానో తెలియదు. అమ్మకు చెప్పే ధైర్యం వస్తుందో రాదో అదీ తెలియదు. మామకు ఎలాగూ వినపడదు. కానీ ఈ మాట నా లోపలి నుంచి బయటికి రావడం ఇదే మొదలు, రాస్తుంటే గుండె మీద పట్టు కాస్త సడలింది.

మా అమ్మ అట్ట పిలవమనలేదు మామా. నేనే అన్నాను.