మందారం కాగితం

ప్రొద్దుటూరులో నేను సైన్సు చెప్పే బడికి ఒక నగల అంగడి షావుకారు ప్రొజెక్టర్ ఇచ్చాడు. దాంతో నాకు ఎక్కడలేని హుషారు వచ్చింది. చెట్లు నాటుతాం, ప్లాస్టిక్ ముట్టం అని తొమ్మిదో తరగతి పిల్లల చేత ప్రతిజ్ఞ వీడియోలు చేయించి, వాటికి పాటలు తగిలించి వాట్సాప్ గ్రూపులో పెట్టించాను. మా పిల్లలకు ఫోనూ వచ్చు, సైన్సూ వచ్చు, ఇక ప్రకృతికి ఢోకా లేదని స్టాఫ్ రూములో గొప్పలు పోయాను.

ఒక అమ్మాయి మాత్రం ప్రతిజ్ఞ చేయలేదు. వాళ్ళమ్మ నగలు చేసే సందుల్లో మురికికాలువ మట్టి ఎత్తి, కడిగి, అందులో చిక్కే బంగారు రజను ఏరుకుని బతుకుతుంది. సైన్సు ప్రదర్శనకు వారం ముందు ఆ పిల్ల ఫోను తెచ్చి నాకొక వీడియో చూపించింది. ఆమ్లం ఉందో లేదో చూడడానికి నేను క్లాసులో నేర్పినట్టే మందార రేకులు కాగితం మీద రుద్ది ఆరబెట్టింది. కుళాయి నీళ్ళలో ముంచితే కాగితం ఊదారంగులో అలాగే ఉంది. కాలువ నీళ్ళలో ముంచితే ఎర్రబడింది. చివర్లో వాళ్ళమ్మ చేతులు చూపించింది. వేళ్ళ సందుల్లో తోలు ఊడిపోయి ఉంది.

"బంగారం పనోళ్ళు తేజాబు నీళ్ళు కాలవలో పోస్తాండారు మేడం. ఆమ్లం కదా, అందుకే మాయమ్మ చేతులు పొక్కుతాండాయి" అంది.

ప్రదర్శనకు ముఖ్య అతిథి ఆ షావుకారే. ఫోను తిరిగి ఆ పిల్ల చేతిలో పెట్టేశాను.

"ఇది పర్యావరణం కాదు మా. చెట్ల మీదో, ప్లాస్టిక్ మీదో చెయ్యి. ఆ వీడియో తీసెయ్."

"కాలవ పర్యావరణం కాదా మేడం?"

నిజంగానే తెలియక అడిగింది. నేను కసురుకున్నాను. నా ఎదురుగానే తీసేసి, "బిన్‌లో గూడా లేకుండా తీసేసినా మేడం" అంది. అలా తీసేయడం నేర్పింది కూడా నేనే.

నెట్‌లో దొరికిన బొమ్మలతో ప్లాస్టిక్ చార్టు చేసింది. దానికే మొదటి బహుమతి. షావుకారు ఇస్తుంటే అందరికంటే గట్టిగా నేనే చప్పట్లు కొట్టాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తుంది.

సాయంత్రం వాళ్ళమ్మ నన్ను వెతుక్కుంటూ వచ్చింది. కూతురు పక్కనే బహుమతి కప్పు పట్టుకుని నిలబడింది.

"మీ దయతో పాపకు శానా తెలివి వచ్చింది మేడం" అని, కాస్త మొహమాటపడి రెండు చేతులూ నా ముందు చాపింది. "ఇవి ఎందుకిట్ల అయితాండాయో తెలీల్యా. సైన్సు చదివినోళ్ళు గదా, ఏం పూస్తే తగ్గుతాదో చెప్పండి."

అమ్మాయి నా వైపు చూసింది. ఆ ప్రశ్నకు జవాబు దానికి తెలుసు; నేను కసురుకున్నాక ఇంట్లో కూడా చెప్పలేదన్నమాట. నేను చెప్పనిస్తే చెప్పడానికి సిద్ధంగా ఉంది.

"కొబ్బరినూనె పూయమ్మా" అన్నాను.

ఆ పిల్ల తల దించుకుంది.