నా నోరు మెత్తబడిన మూడు నెలలు

నాకు నోరు ఎక్కువ. ఇది నేను దాచుకునే విషయం కాదు, మా గల్లీ అంతటికీ తెలిసిందే. పురానాపూల్ దగ్గర మాకు ఐదు బర్రెలుండేవి. పాలు పితకడం మా ఆయన పని, కొలిచి పోయడం నాది. కొలిచి పోయడానికి చెయ్యి ఒక్కటే చాలదు. గిన్నెలు పట్టుకొని గుమ్మం ముందు నిలబడ్డ గిరాకీలు నురుగు దిగేదాకా ఆగమంటారు, కొసరు పోయమంటారు, నిన్నటి పాలు పలచగా ఉన్నాయంటారు. వాళ్ల ఒక్కో మాటకు నేను రెండు అనేదాన్ని. ఆ లొల్లి అయితే గానీ మాకు తెల్లారినట్టే ఉండేది కాదు.

అందరిలోకి గట్టి మనిషి వెనక గల్లీ ఖాలా. పిన్నమ్మ అన్నట్టు అందరం ఆమెను ఖాలా అనేవాళ్లం. అరవై దాటినా గొంతు కంచు. గిన్నెలో వేలు ముంచి, "ఇది నురుగు, పాలేవి?" అనేది. "బర్రెనడుగు ఖాలా" అనేదాన్ని నేను. ఇద్దరం ఒకరినొకరు బాగా తిట్టుకొని హాయిగా ఎవరి పనికి వాళ్లం పోయేవాళ్లం.

పంతొమ్మిది వందల డెబ్బైల చివర్లో ఒక చలికాలం నా ఎడమ దవడలో కరెంటు కొట్టడం మొదలైంది. చల్లగాలి తగిలినా, ముద్ద నమిలినా, మొహం కడిగినా షాకే. పన్ను నొప్పేమోనని ఒక పన్ను పీకించుకున్నాను. పన్ను పోయింది, నొప్పి పోలేదు. చివరికి పెద్దాసుపత్రి డాక్టరమ్మ చూసి, ఇది పన్ను కాదు, మొహంలో నరం అని చెప్పి మాత్రలు రాసింది.

పది రోజుల్లో నొప్పి మాయమైంది. ఆ రోజు గిన్నెడు సకినాలు ముందు పెట్టుకొని కరకరా నమిలాను. డాక్టరమ్మకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

అయితే పోయింది నొప్పి ఒక్కటే కాదు. పాలు పలచగా ఉన్నాయని ఎవరైనా అంటే "అట్లనా" అనేదాన్ని. కొసరు అడిగితే పోసేదాన్ని. మా చెల్లెలికి కొడుకు పుట్టాడని కబురొస్తే, "మంచిది" అని గిన్నెలు తోముకోవడానికి పోయాను. తొమ్మిదేళ్లు ఎదురుచూసిన పిల్లాడు. సంతోషించాలని తెలుసు, సంతోషం మాత్రం రాలేదు. కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. నేను ఎక్కడికి పోయానో నాకే తెలియలేదు.

మా ఆయన మొదట్లో మురిసిపోయాడు. "మాత్రలు మస్తు పని చేస్తున్నయి" అని పక్కింటివాళ్లతో చెప్పుకున్నాడు. అంతలో గిరాకీలు గుసగుసలు మొదలుపెట్టారు. పాలమ్మేది పోట్లాడటం లేదంటే తప్పు చేసిందన్నమాటే. "పాలల్ల నీళ్లు కలుపుతున్నట్టుంది, గందుకే గింత మెత్తగైంది" అని తేల్చేశారు. నాలుగిళ్లవాళ్లు రావడం మానేశారు. ఒకరోజు మా ఆయన కూడా గొంతు తగ్గించి అడిగాడు.

"నీళ్లు గిట్ల కలిపినవా ఏంది?"

"లేదు" అన్నాను, అంతే.

ఆయన దగ్గరికొచ్చి నా మొహంలోకి చూశాడు. పాల బిందె ఎత్తి నెత్తిన కొట్టాల్సిన మాట అది. "తిట్టవేందే?" అన్నాడు. ఆ గొంతులో భయం వినిపించింది.

మర్నాడు ఖాలా వచ్చి గిన్నె కింద పెట్టి, అరుగు మీద కూర్చుంది. "క్యా హువా బేటీ? పాలల్ల నీళ్లు లేవు, నాకెరుక. నువ్వే పలచగైనవ్" అంది. మాత్రల సంగతి చెప్పాను. ఖాలా ఇంటికి పోయి బుర్ఖా వేసుకొని వచ్చి, నన్ను రిక్షా ఎక్కించి పెద్దాసుపత్రికి తీసుకుపోయింది.

నొప్పి ఎలా ఉందని డాక్టరమ్మ అడిగితే, లేదన్నాను. ఖాలా అడ్డం వచ్చింది. "నొప్పి పోయిందమ్మా, దాని ఎంబడి మనిషి కూడా పోయింది. నొప్పి మీరు ఉంచుకోండి, మనిషిని మాకిచ్చెయ్యండి."

డాక్టరమ్మ నవ్వి, తర్వాత నవ్వు ఆపి నన్ను చాలా ప్రశ్నలు అడిగింది. ఈ మందుతో కొందరికి మనసు మొద్దుబారుతుందని, ముందే అడగాల్సిందని ఒప్పుకుంది. మాత్రలు ఒక్కసారిగా మానొద్దని, మెల్లమెల్లగా తగ్గిద్దామని చెప్పింది. "కొంచెం నొప్పి తిరిగి రావచ్చు. ఓర్చుకుంటావా?" అని అడిగింది. తల ఊపాను.

నెల దాటాక ఒక పొద్దున, మానేసిన గిరాకీల్లో ఒకాయన గిన్నె పట్టుకొని వచ్చాడు. "ఏమమ్మా, నీళ్లు కలుపుడు బంద్ చేసినవా?" అన్నాడు.

కడుపులో నుంచి ఏదో బుసబుసా పైకి లేచింది. అది ఏంటో గుర్తుపట్టేలోపే నోరు తెరుచుకుంది. ఆయన్ని తిట్టాను, ఆయన గిన్నెను తిట్టాను, ఆ గిన్నె అమ్మినవాణ్ణి తిట్టాను. దవడలో కరెంటు చుర్రుమంది, అయినా ఆపలేదు. గల్లీలో తలుపులు ఒక్కొక్కటిగా తెరుచుకున్నాయి. మా ఆయన పితుకుతున్న బర్రెను వదిలేసి పరుగెత్తుకొచ్చి, పాల చేతులతోనే నిలబడిపోయాడు. తిట్లు తిన్న మనిషి వెనక్కి తగ్గబోతే ఖాలా అతని దారికి అడ్డం నిలబడింది. "ఠైరో భాయ్, ఆగు, ఇంకా కాలేదు. మస్తు దినాలకు వింటున్నం" అంది.

అందరూ నవ్వారు, తిట్లు తిన్నాయన కూడా. నేనూ నవ్వబోయాను. చెంప తడిగా తగిలింది. తుడుచుకుంటే మళ్లీ తడి. ఏడుస్తున్నానని అప్పుడు తెలిసింది. ఏడుపు వచ్చిందన్న సంతోషం పట్టలేక, పాలు కొలిచే గిన్నె చేతిలో పట్టుకొని, గల్లీ అంతా చూస్తుండగా ఇంకా ఏడ్చాను.